ఆరువారముల ప్రభువులు

చంద్రగిరి దుర్గమునుగూర్చియు, అరవీటి వేంకటపతిరాయలనుగూర్చియు మీరు పలుమారులు వినియేయుందురు. ఆ రాయలు 1610వ సంవత్సరమున హాలండు దేశపు వర్తకులకు, మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటు రేవులో వ్యాపారము చేసికొనుట కనుమతి నొసగెను. 1613 నాటికి వారచట గెల్డ్రియా యను కోటను గట్టుకొనిరి. మన సాలెవారు నేసిన గళ్లబట్టలును, అద్దకపు బట్టలును ఆ రేవునుండి తూర్పుద్వీపములకును, ఆమ్‌స్టర్‌డాము నగరమునకును పోవుచుండెను. ఆ బట్టలమాట చెప్పువారు కలరు. ఓడలు నడపిన కుఱ్ఱవాండ్ర మాట చెప్పువారరుదు. నేడు వారినిగూర్చి మనవి చేసెదను.

డచ్చి కంపెనీ 1602 మొదలు 1795 వఱకు తూర్పుదేశములకు పంపినవారు దాదాపు 10 లక్షలమంది. తిరిగి స్వదేశము చేరినవారు వారిలో సగమైనను లేరు. కొందఱు ఇచటనే నిలిచిపోయిరి. పెక్కుమంది రోగములవాత బడిరి. మీసము మొలవని బాలురును వారిలో నుండిరి. పులికాటు శ్మశానమున చెక్కడపు సమాధిరాళ్లు నేటికిని గలవు గాని అవి దొరలవి. సామాన్యనావికుని పేరు కంపెనీ జీతపు పుస్తకములలో మాత్రమే మిగిలినది. అవి హేగు నగరమున భద్రముగా నున్నవి. వాని యూరు, జీతము, అప్పు, తుదకేమయ్యెనన్న మాట, అన్నియు నందు వ్రాయబడియున్నవి.

బ్రదికి తిరిగివచ్చినవాని కథ వినుడు. జీతములో నధికభాగము కంపెనీ లెక్కలోనే నిలిచియుండి, ఆమ్‌స్టర్‌డాములో దిగిన పిదప నొక్కమారుగా చేతికి వచ్చెడిది. ఏండ్లతరబడి ఉప్పుమాంసమును, ఎండురొట్టెయు దినినవానికి సొమ్ము మూట దొరకిన నేమగును? మంచి దుస్తులు, అద్దెబండి, వాద్యగాండ్రు, మద్యశాలలు! ఆరువారములు తిరుగకముందే మూట ఖాళీ. అందుచేత ఆ నగరవాసులు వారిని ‘ఆరువారముల ప్రభువు’లని పరిహసించిరి. నాకు మాత్రము నవ్వు రాదు. తిరునాళ్లలో చేతిలో పైకమున్న పిల్లవానిచుట్టు నెవరెవరు మూగుదురో మీరెఱుగనిది కాదు.

వట్టిచేతులతో మిగిలినవానిని బసయిండ్లవారు చేరదీసిరి. మరల ఓడ యెక్కువఱకు కూడును నీడయు నిచ్చి, ప్రతిగా 150 గిల్డరుల పత్రము వ్రాయించుకొనిరి. నావికుని నెలజీతము పది గిల్డరులకు అటునిటు. అనగా ఏడాదికి పైబడిన కష్టము ముందే అమ్ముడుపోయినదన్నమాట! కుఱ్ఱవాడు దారిలో జచ్చిన బాకీ మునిగిపోవును గనుక, ఆ పత్రమును తక్కువ వెలకు మఱియొకని కమ్ముకొనెడివారు. వారి భాషలో పత్రమునకు ‘సేల్’ అనియు, ఆత్మకు ‘జీల్’ అనియు పేరు. పత్రము లమ్మువాడు జనుల నోట ‘ఆత్మల నమ్మువాడ’య్యెను. వ్యాకరణము చదివినవాడనగుట నీ శబ్దవికారము నాకు మిక్కిలి యర్థవంతముగా దోచినది.

ఆమ్‌స్టర్‌డాములో బాలురకు నౌకావిద్య నేర్పు పాఠశాల 1785లో వెలసెను. మన బాలురకు బొంబాయిలో ‘డఫరిన్’ శిక్షణనౌక 1927లో గాని యేర్పడలేదు. నేడు మన పల్లెలనుండియు కేడెట్లు బయలుదేఱుచున్నారు. వారికి ఓడపని యిప్పించు ఏజెంట్లు ప్రభుత్వ నౌకాయానశాఖవారి యనుమతి పొందవలెను. పని యిప్పించినందుకు పిల్లవానియొద్ద రుసుము గొనరాదని మన నిబంధన. అయినను పొలము కుదువబెట్టి లక్షలు సమర్పించు తండ్రులున్నారు. అనుమతిసంఖ్య యడుగుటకు మొగమాటమెందుకో నాకు దెలియదు.

ఒడ్డున దిగుటకు సెలవు నావికుని హక్కని 2006లో పెక్కు దేశములు గూడి యొడంబడిక చేసికొనినవి. మన దేశము 2015లో దాని నంగీకరించెను. అయితే యంత్రములు వచ్చిన పిమ్మట రాటర్‌డామువంటి రేవులలో పెట్టెల యోడ సరకు దింపుకొని, ఒకటి రెండు దినములలో మరల కదలిపోవుచున్నది. ఆరువారములు గడపిన తీరమున నేటి కుఱ్ఱవానికి దక్కునవి కొన్ని గంటలే.