ఓటరు గుర్తింపు, పౌరసత్వ రుజువు (భారతదేశం)

భారతదేశంలో ఓటరు రెండు చోట్ల రుజువు చూపాలి. జాబితాలో పేరు చేర్పించుకునేటప్పుడు పౌరసత్వం, వయసు, నివాసం చూస్తారు. పోలింగ్ కేంద్రంలో చూసేది మాత్రం ఒక్కటే: జాబితాలో ఉన్న మనిషీ, ఎదుట నిలబడ్డ మనిషీ ఒకరేనా అని.

రాజ్యాంగం 326వ అధికరణ 18 ఏళ్లు నిండిన పౌరులకు ఓటు హక్కు ఇస్తోంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం పౌరులు కానివారిని జాబితాలో చేర్చకూడదు. కొత్త ఓటరు తన నమోదు దరఖాస్తు అయిన ఫారం 6కు వయసు, చిరునామా పత్రాలు జతచేస్తారు. పౌరసత్వానికి మాత్రం సంతకం పెట్టి ఇచ్చే ధ్రువీకరణే ఆధారం. అందులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఫొటో గుర్తింపు కార్డు టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో మొదలైంది. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనని నమ్మి, పోలింగ్ రోజున ఉసూరుమంటూ వెనుదిరిగేవారు ఇప్పటికీ ఉన్నారు. జాబితాలో పేరు లేకపోతే ఆ కార్డు అక్కరకు రాదు. పేరుండి కార్డు లేనివారికి 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు వంటివాటిలో ఏ ఒక్కటైనా సరిపోయింది. ఇంటింటికీ పంచే ఓటరు చీటీ గుర్తింపు కింద చెల్లదు.

వచ్చిన ఓటరు మీద అనుమానం ఉంటే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని తెలిసిన ఓటరు టెండర్ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. దాన్ని మిగతా ఓట్లతో కలపకుండా కవరులో భద్రపరుస్తారు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువారు అక్కడి పౌరసత్వం తీసుకోనంతవరకు, ఫారం 6ఎ ద్వారా పాస్‌పోర్టులోని సొంతూరి చిరునామాతో ఓటరుగా చేరవచ్చు. 2011లో వచ్చిన వెసులుబాటు ఇది. ఓటేయడానికి మాత్రం అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. కూలికి వెళ్లినవారికి విమానం ఖర్చే ఆ హక్కును దూరం చేస్తోంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పౌరసత్వాన్ని ఎవరు రుజువు చేయాలన్నది. పాత జాబితాల్లో పేరున్న వ్యక్తిని విదేశీయుడన్న అనుమానంతో తొలగించాలంటే ముందు నోటీసిచ్చి, ఆ వ్యక్తి చెప్పేది వినాలని లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 జూన్‌లో బీహార్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ఈ రుజువు భారాన్ని చాలావరకు ఓటరు మీదికే నెట్టింది. 2003 జాబితాలో లేనివారు 11 రకాల పత్రాల్లో ఒకటి చూపాలన్నారు. 1987 జులై 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు తల్లిదండ్రుల్లో ఒకరివో ఇద్దరివో ఆధారాలూ తేవాలన్నారు. పేదల ఇళ్లలో తేలిగ్గా దొరికే ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు ఆ 11లో లేవు.

2025 ఆగస్టు 1న వెలువడిన బీహార్ ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు కనిపించలేదు. మరణం, వలస, రెండుచోట్ల నమోదు వంటి కారణాలను ఎన్నికల సంఘం చూపింది. ఎవరి పేరు ఎందుకు పోయిందో బయటపెట్టాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆధార్‌ను 12వ పత్రంగా తీసుకోవాలని సెప్టెంబరు 8న చెప్పింది. అయితే అది గుర్తింపుకే ఆధారమనీ, పౌరసత్వానికి కాదనీ అదే ఉత్తర్వులో స్పష్టం చేసింది.