అప్పీలు విధానం: అమెరికా, కెనడా

ఇంగ్లండు కామన్ లా పునాదిపైనే నిలిచినా, అమెరికా, కెనడా దేశాల అప్పీలు విధానాలు నిర్దోషి తీర్పు విషయంలో స్పష్టంగా వేరుపడతాయి. ఒకే నేరానికి రెండోసారి విచారణను నిషేధించే రాజ్యాంగ 5వ సవరణ వల్ల, అమెరికాలో విచారణ ముగిసి నిర్దోషిగా తేలిన వ్యక్తిపై ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు; కెనడాలో మాత్రం కింది కోర్టు చట్టాన్ని అన్వయించడంలో పొరబడిందన్న కారణంపై ప్రాసిక్యూషన్ అప్పీలు చేయవచ్చు, అయితే జ్యూరీ ఇచ్చిన నిర్దోషి తీర్పును అప్పీలు కోర్టు తానే దోషి తీర్పుగా మార్చలేదు, పునర్విచారణకు ఆదేశించగలదు. విడుదలైన మనిషిని మళ్లీ బోనెక్కించగల ఈ అధికారం చిన్నది కాదు. ఇక అప్పీళ్ల చివరి మెట్టులో మాత్రం పోలిక ఉంది, రెండు దేశాల సుప్రీంకోర్టులూ చాలావరకు తమ కేసులను తామే ఎంచుకుంటాయి: అమెరికాలో 9 మందిలో నలుగురు న్యాయమూర్తులు సమ్మతిస్తే చాలు, కెనడాలో సాధారణంగా ముగ్గురి ధర్మాసనం అనుమతిస్తుంది.