పడవలు లాగిన దారి, రైలు వదిలిన దారి

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు దక్షిణ భాగాన గ్రోన్ అనే చిన్న నది ఉంది. ల్వార్, సేన్, రోన్ నదుల పేర్లు తెలిసినవాళ్లలో కూడా దీని పేరు విన్నవాళ్లు తక్కువ. బోజొలే కొండల్లో పుట్టి, క్లూనీ పట్టణం పక్కగా ఉత్తరానికి సాగి, షాలోన్ ఊరు చేరకముందే, దానికి దక్షిణాన సోన్ నదిలో కలుస్తుంది. షాలోన్‌కు దగ్గర్లోని జివ్రీ అనే ఊళ్లో, ద్రాక్షతోటల గుట్టల అంచున ఒక తారుబాట మొదలై, తర్వాత ఈ గ్రోన్ లోయలోకి దిగి క్లూనీ దాకా పోతుంది. పొడవు 44 కిలోమీటర్లు. 1997లో తెరిచారు. కారుకు, లారీకి, మోటారు సైకిలుకు దీని మీద చోటు లేదు. సైకిళ్లవాళ్లు, నడిచేవాళ్లు, చక్రాల బూట్లవాళ్లు, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్లు తిరుగుతారు. ఫ్రెంచివాళ్లు ‘వ్వా వెర్త్’ అనే ఈ పచ్చబాటల్లో ఆ దేశంలో మొట్టమొదటిది ఇదే.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఏ పెద్ద నది లోయకు వెళ్లినా ఇలాంటి బాట కనిపిస్తుంది. సైకిలు యాత్రికుల కోసం ప్రభుత్వం ముచ్చటపడి కొత్తగా వేయించిందనుకుంటాం. కానీ ఈ దారుల్లో చాలావాటిని సైకిలు కోసం ఎవరూ వేయలేదు. కొన్నిటిని పడవల కోసం వేశారు, కొన్నిటిని రైళ్ల కోసం. ఆ పడవలూ ఆ రైళ్లూ పోయాక, దారి సైకిలు చేతికి వచ్చింది.

పడవల కథ పాతది. ఇంజన్లు లేని రోజుల్లో ఏటికి ఎదురు వెళ్లాలంటే గాలి అయినా అనుకూలించాలి, ఒడ్డు నుంచి తాడు కట్టి లాగేవాళ్లైనా ఉండాలి. గోదావరి డెల్టా కాలువల గట్ల మీద పడవలు లాగుకుంటూ నడిచిన మనుషుల్ని చూసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి వివరించక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఆ పని మనుషులూ చేశారు, గుర్రాలూ చేశాయి. గుర్రం నడవాలంటే ఒడ్డు వెంట అడ్డం లేని బాట ఉండాలి. చెట్టు ఉంటే తాడు చిక్కుకుంటుంది, కంచె ఉంటే గుర్రం ఆగిపోతుంది. పద్నాలుగో లూయీ రాజు మంత్రి కోల్బేర్ 1669లో అడవులు, జలాల మీద ఒక శాసనం తెచ్చాడు. పడవలు నడిచే నదుల ఒడ్డున భూమి ఉన్న ప్రతివాడూ లాగుడు బాట కోసం 24 అడుగుల వెడల్పు వదలాలని, ఆ వైపు 30 అడుగుల లోపల చెట్టు గాని కంచె గాని పెట్టకూడదని అందులో రాశారు. భూమి యజమానిదే, దారి మాత్రం అందరిదీ.

ఈ నియమం రాజుతో పాటు పోలేదు. విప్లవం వచ్చింది, సామ్రాజ్యాలు వచ్చి వెళ్లాయి, రిపబ్లిక్కులు మారాయి. నేటి ఫ్రెంచి చట్టంలో లాగుడు బాటకు వదలాల్సిన వెడల్పు 7.80 మీటర్లు, చెట్లకు హద్దు 9.75 మీటర్లు. గుండ్రటి అంకెలు కాకపోవడానికి కారణం ఉంది. పాత ఫ్రెంచి అడుగు మన అడుగు కన్నా కొంచెం పెద్దది. ఆ లెక్కన 24 అడుగులకూ 30 అడుగులకూ సరిపోయే మీటర్లే ఇవి. మూడున్నర శతాబ్దాల కింద గుర్రానికి కొలిచిన కొలత ఇప్పటికీ చట్టంలో కూర్చుని ఉంది. ఈ బాటల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

నదులకు తోడు కాలువలు వచ్చాయి. దక్షిణాన పియేర్ పాల్ రికే 1666లో మొదలుపెట్టిన మిది కాలువ 1681లో పూర్తయింది. బర్గండీలో ఎమిలాఁ గోతే అనే ఇంజనీరు 1783 నుంచి తవ్వించిన మధ్య కాలువ, షాలోన్ దగ్గర సోన్ నదిని, దిగోయిన్ దగ్గర ల్వార్ నదిని కలిపింది. 112 కిలోమీటర్ల పొడవు, 61 లాకులు. కాలువలో నీళ్లు లాకుకూ లాకుకూ మధ్య సమంగా నిలుస్తాయి కాబట్టి గట్టు మీది బాట కూడా సమంగానే ఉంటుంది. లాకు వచ్చినప్పుడు మాత్రం నాలుగు తొక్కులు గట్టిగా తొక్కితే చాలు. 20వ శతాబ్దంలో పడవలకు మోటార్లు రావడంతో గుర్రం పని పోయింది. తర్వాత లారీలు రావడంతో చిన్న కాలువల్లో సరుకు పడవలూ తగ్గాయి. గట్టు అలాగే ఉండిపోయింది.

రైలు కట్టల కథ ఇంకొంచెం కొత్తది. 1878లో ప్రజాపనుల మంత్రిగా ఉన్న షార్ల్ ద ఫ్రేసినే, ప్రతి చిన్న జిల్లా కేంద్రానికీ రైలు చేరాలని పెద్ద పథకం వేశాడు. మరుసటి ఏడు జులైలో పార్లమెంటు 181 కొత్త లైన్లకు ఆమోదం తెలిపింది. కలిపితే 8 వేల కిలోమీటర్లకు పైనే. అప్పటికే ఉన్న లైన్లకు ఇవి తోడై, ఫ్రాన్స్ పల్లెల్లో పట్టాలు అల్లుకుపోయాయి. ద్రాక్షసారా పీపాలు, రాయి, పశువులు, సంతకు వెళ్లే రైతులు, బడి పిల్లలు అన్నీ వాటి మీదే.

ఆవిరి ఇంజను ఎంత బలమైనదైనా ఎత్తు ఎక్కాలంటే దానికి కష్టమే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. వంద మీటర్లకు రెండు మూడు మీటర్ల ఎత్తు వస్తే చాలు, బండి బరువు ఇంజనును వెనక్కి లాగుతుంది. అందుకని ఇంజనీర్లు గుట్టను కోశారు, పల్లంలో కట్ట పోశారు, వంపులు విశాలంగా తిప్పారు, తప్పనిసరి అయితే సొరంగం తవ్వారు. జివ్రీ నుంచి క్లూనీకి పోయే ఊరి రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఆయాసపెడుతుంది. దాని పక్కనే రైలు కట్ట మీద పోయే బాట ఎక్కడా ఇబ్బందిపెట్టదు. ఆనాడు ఇంజను కోసం మట్టి మోసిన కూలీల కష్టం ఈనాడు ఏడేళ్ల పిల్ల కాళ్లకూ డెబ్బై ఏళ్ల తాత మోకాళ్లకూ అందుతోంది.

సైకిలు మాత్రం ఆ కాలమంతా మామూలు రోడ్డు మీదే తిరిగింది. 1860లలో పారిస్‌లో మిషో కుటుంబం ముందు చక్రానికి పెడళ్లు బిగించిన బండి తయారుచేసి అమ్మింది. 1869 నవంబరు 7న పారిస్ నుంచి సేన్ లోయ మీదుగా రువాన్‌కు 123 కిలోమీటర్ల పందెం జరిగింది. జేమ్స్ మూర్ అనే ఆంగ్లేయుడు గెలిచాడు, పది గంటలకు పైగా తొక్కి. పందెం కాక, లోకం చూడడానికి సైకిలు తొక్కాలని ఫ్రెంచివాళ్లకు నేర్పినవాడు మాత్రం పాల్ ద వివీ. వెలోసియో అన్న పేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి, సెంతెతియెన్‌లో పట్టు వ్యాపారం చేసి, అది వదిలేసి సైకిళ్ల లోకంలోకి వచ్చాడు. 1887 నుంచి పత్రిక నడిపాడు. కొండ ప్రాంతంలో మామూలు మనిషి సైకిలు తొక్కాలంటే గేర్లు ఉండాలని రాశాడు, తొక్కి చూపించాడు. పందేలవాళ్లు ఒప్పుకోలేదు, టూర్ ద ఫ్రాన్స్‌లో డిరైలర్ గేర్లకు అనుమతి 1937లో గాని రాలేదు. వెలోసియో అప్పటికి లేడు. 1930లో సెంతెతియెన్ వీధిలో ట్రాము తగిలి పోయాడు. జీవితమంతా సైకిలు దారి కోసం పాటుపడిన మనిషి అలా పోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

1936 జూన్‌లో కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో సెలవులు చట్టమయ్యాయి. ఆ వేసవిలో ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిళ్ల మీద జంటలు సముద్రం వైపు, నదుల వైపు బయలుదేరాయి. ఆనాటి ఫోటోల్లో రోడ్లు ఖాళీగా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ ఖాళీ మిగల్లేదు. కార్లు పెరిగాయి. 1972 ఒక్క ఏడాదిలో ఫ్రాన్స్ రోడ్ల మీద 16 వేల మందికి పైగా చనిపోయారు. ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని సైకిలు మీద వెళ్లే అలవాటు ఆ రోడ్ల మీద ఎలా నిలుస్తుంది?

ఆ కార్లే పల్లె రైళ్లనూ ఖాళీ చేశాయి. 1938లో రైళ్లన్నీ ఎస్‌ఎన్‌సీఎఫ్ కింద జాతీయ సంస్థగా మారినప్పటి నుంచే, జనం ఎక్కని లైన్లలో బండ్లు ఆపి బస్సులు వేయడం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో వేల కిలోమీటర్ల పట్టాలు తుప్పు పట్టాయి. షాలోన్, క్లూనీ, మాకోన్ ఊళ్లను కలిపే లైను కూడా ఆ వరుసలోనే పోయింది.

పోయిన లైన్లను ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు మొదట వేరే దేశాల నుంచి వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1960లలోనే ఎల్రాయ్ నుంచి స్పార్టా దాకా పాత రైలు కట్టను సైకిలు బాట చేసింది. స్పెయిన్ 1993లో జాతీయ కార్యక్రమం పెట్టింది. ఫ్రాన్స్ ఆలస్యంగా కదిలింది. కదిలించింది పారిస్ కాదు. జివ్రీ, క్లూనీ ఉన్న సోన్-ఎ-ల్వార్ జిల్లా పాలకమండలి. ఆ రెండు ఊళ్ల మధ్య పట్టాలు తీశారు, స్లీపర్లు తీశారు, కట్ట మీద తారు పోశారు. స్టేషన్లు విశ్రాంతి చోట్లయ్యాయి. రోడ్డును దాటే చోట్ల కార్లు చొరబడకుండా అడ్డుకర్రలు పెట్టారు. నున్నటి తారు చూసి చక్రాల బూట్లవాళ్లు కూడా వచ్చారు.

ఈ బాట జనంతో నిండాకే పారిస్ దృష్టి పడింది. 1998 డిసెంబరులో ప్రభుత్వం సైకిలు మార్గాలకూ పచ్చబాటలకూ జాతీయ ప్రణాళిక ఆమోదించింది. 2004 సెప్టెంబరు 16 నాటి డిక్రీతో పచ్చబాట రహదారి నియమావళిలోకి ఎక్కింది: మోటారు లేని వాహనాలకు, పాదచారులకు, గుర్రపు రౌతులకు మాత్రమే కేటాయించిన దారి. గుర్రం మళ్లీ చట్టంలోకి వచ్చింది, ఈసారి రౌతుతో.

పెద్ద పేరు మాత్రం ల్వార్ లోయకు వచ్చింది. నెవేర్ దగ్గర నుంచి అట్లాంటిక్ తీరం దాకా దాదాపు 900 కిలోమీటర్ల మార్గాన్ని రెండు ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి తీర్చిదిద్దాయి. కోటలున్నాయి, 2000లో యునెస్కో గుర్తింపు ఉంది, వరదల్ని ఆపడానికి మధ్య యుగాల నుంచి పోసుకొచ్చిన కరకట్టలున్నాయి. అయితే అది మొత్తం పచ్చబాట కాదు. చాలా చోట్ల కార్లు తక్కువ తిరిగే పల్లె రోడ్ల మీదే సాగుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ తేడా తెలుసుకుని బయలుదేరడం మంచిది. సైకిలు కోసం సూచిక బోర్డులు పెట్టినంత మాత్రాన కార్లు లేని దారి అవదు.

ఇదంతా సాధ్యమైంది భూమి ముక్కలు కాకపోవడం వల్ల. లాగుడు బాట చట్టం కింద ఉంది, రైలు కట్ట ప్రభుత్వ ఆస్తిగా ఉంది. కొన్ని లైన్లలో పట్టాలు తీయగానే కట్టను ముక్కలుగా అమ్మేశారు. ఒకచోట రైతు దున్నేశాడు, ఇంకోచోట బైపాసు వేశారు. అలాంటి చోట్ల సైకిలువాళ్లు ఇప్పటికీ లారీల మధ్యకు దిగాల్సి వస్తోంది. పచ్చబాట వేస్తే ఇక రైలు తిరిగి రాదని వాదించేవాళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నారు. రైలు నడిపే అవకాశం ఉన్న చోట రైలే ముందు అని నేనూ అంటాను. అది లేని చోట కట్టను అమ్మేయడం కన్నా బాట చేసి నిలుపుకోవడం మేలు. బాట కింద కట్ట చెక్కుచెదరకుండా ఉంటుంది.

మొదటి బాట క్లూనీ దగ్గర ఆగిపోలేదు. తర్వాత దక్షిణానికి పొడిగించి మాకోన్ పక్కనున్న షార్నే దాకా తెచ్చారు. ఆ మధ్యలో బ్వా క్లేర్ గుట్ట కింద 1.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం ఉంది. దీపాల వెలుతురులో, చల్లటి గాలిలో సైకిలు తొక్కుకుంటూ అవతలికి చేరవచ్చు. అదే గుట్ట మీద నుంచి టిజివి అనే పారిస్-లియోన్ వేగరైలు పరుగెడుతుంది. ఆ లైను 1981లో మొదలైనప్పుడు దాని మీద ఒక్క సొరంగం కూడా లేదు. వంద మీటర్లకు మూడున్నర మీటర్ల ఎత్తును కూడా కరెంటు ఇంజను ఎక్కేస్తుంది కాబట్టి, పాత ఇంజనుకు అవసరమైన సొరంగం దానికి అక్కర్లేకపోయింది.

మన పిల్లలు ఎవరైనా చదువుకో ఉద్యోగానికో ఫ్రాన్స్‌లో ఉండి, మీరు చూడడానికి వెళ్తుంటే, ఈ బాటకు ఒక రోజు కేటాయించండి. పారిస్ నుంచి టిజివిలో మాకోన్-లోషే స్టేషన్‌లో దిగితే షార్నే దగ్గరే. వేసవి నెలల్లో వెళ్లండి. చలికాలంలో గబ్బిలాలు నిద్రపోవడానికి బ్వా క్లేర్ సొరంగాన్ని మూసేస్తారు, అప్పుడు గుట్ట ఎక్కి దిగాల్సి ఉంటుంది.