చంద్రుడు దగ్గరైతే తిథి ఎందుకు కురచవుతుంది? ఖరగ్‌పూర్ తెలుగువారి పంచాంగం చెప్పే లెక్క

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు నెలకొల్పిన కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చిన వారి సంతతి వీరిలో ఎక్కువ. ఊరు మారినా పండుగల లెక్క మారలేదు. ఉగాది, వినాయక చవితి, అట్లతద్దె ఇప్పటికీ తిథిని బట్టే. అయితే ఆంధ్ర నుంచి వచ్చిన పంచాంగంలో ఒక రోజు, ఖరగ్‌పూర్ సూర్యోదయంతో లెక్క కడితే మరో రోజు పండుగ పడే సందర్భాలు ఉంటాయి. ‘తగులు మిగులు’ అని పెద్దలు సర్దిచెప్పే ఈ చిక్కు వెనుక ఉన్నవి రెండు: చంద్రుడి దూరంలో మార్పు, ఊరి రేఖాంశం.

కళలకు దూరంతో సంబంధం లేదు

చంద్రుడిలో సగభాగం మీద ఎప్పుడూ ఎండ పడుతూనే ఉంటుంది (గ్రహణ సమయం మినహా). ఆ వెలుగు సగంలో మనకు ఎంత కనిపిస్తుందన్నదే కళ. భూమి నీడ పడటం వల్ల చంద్రుడు తరుగుతాడని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. భూమి నీడ పడితే అది చంద్రగ్రహణం. పౌర్ణమి నాడు, అదీ కొన్ని పౌర్ణములకే అలా జరుగుతుంది.

ఆకాశంలో సూర్యుడికి, చంద్రుడికి మధ్య కోణం సున్నా అయితే అమావాస్య, 180 డిగ్రీలు అయితే పౌర్ణమి. ఈ కోణం 12 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒక తిథి పూర్తవుతుంది. 360 డిగ్రీలకు 30 తిథులు. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29.53 రోజులు. అంటే తిథి సగటు నిడివి 24 గంటల కంటే కొంచెం తక్కువ, సుమారు 23 గంటల 37 నిమిషాలు.

దూరం మారితే వేగం మారుతుంది

చంద్రుడి కక్ష్య గుండ్రం కాదు, దీర్ఘవృత్తం. భూమికి సగటు దూరం 3,84,400 కి.మీ. దగ్గరి బిందువులో సుమారు 3,63,300 కి.మీ., దూరపు బిందువులో సుమారు 4,05,500 కి.మీ. సూర్యుడి ఆకర్షణ వల్ల ఈ హద్దులు కూడా నెలనెలా మారుతుంటాయి. కొన్ని నెలల్లో చంద్రుడు 3,56,500 కి.మీ. వరకు దగ్గరవుతాడు, 4,06,700 వరకు దూరమవుతాడు.

కెప్లర్ రెండో సూత్రం ప్రకారం దగ్గరైనప్పుడు వేగం పెరుగుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది. నక్షత్రాల మధ్య చంద్రుడు రోజుకు ఒకప్పుడు 15 డిగ్రీలకు పైగా, మరొకప్పుడు 12 డిగ్రీల లోపు నడుస్తాడు. అందుకే అదే 12 డిగ్రీల తిథి ఒకసారి 20 గంటల్లో, మరోసారి దాదాపు 26 గంటల 45 నిమిషాల్లో ముగుస్తుంది. మన సిద్ధాంతకర్తలకు ఈ సంగతి తెలుసు. చంద్రుడి నడక మందగించే దూరపు బిందువును వారు మందోచ్చ అన్నారు.

దగ్గరి బిందువు నుంచి మళ్లీ దగ్గరి బిందువుకు 27.55 రోజులు, పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.53 రోజులు. ఈ రెండు చక్రాలు కలవవు. అందువల్ల ఒక ఏడాది చవితి కురచగా ఉంటే మరో ఏడాది అదే చవితి పొడుగ్గా ఉంటుంది. పౌర్ణమి, దగ్గరి బిందువు ఒకేచోట పడటాన్నే పత్రికలు ‘సూపర్ మూన్’ అంటున్నాయి. అప్పుడు చంద్రబింబం, దూరపు పౌర్ణమితో పోలిస్తే 14 శాతం వరకు పెద్దగా కనిపిస్తుంది.

ఖరగ్‌పూర్‌లో తెల్లవారేది ముందే

ఏ రోజుకు ఏ తిథి అన్నది సాధారణంగా సూర్యోదయ వేళ ఉన్న తిథిని బట్టి నిర్ణయిస్తారు. ఖరగ్‌పూర్ 87.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, విజయవాడ 80.6 డిగ్రీల మీద ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా 27 నిమిషాలు. అక్షాంశం కూడా కలిపితే జూన్‌లో ఇది సుమారు 38 నిమిషాలకు పెరుగుతుంది, డిసెంబర్‌లో 15కు తగ్గుతుంది.

ఒక ఊహా ఉదాహరణ. మార్చి చివరలో ఖరగ్‌పూర్‌లో 5:40కి, విజయవాడలో 6:10కి సూర్యోదయం. ఫాల్గుణ అమావాస్య ఉదయం 5:55కి ముగిసిందనుకుందాం. విజయవాడలో సూర్యోదయానికి పాడ్యమి వచ్చేసింది కాబట్టి ఆ రోజే ఉగాది. ఖరగ్‌పూర్‌లో సూర్యోదయానికి ఇంకా అమావాస్యే.

ఇక్కడే దూరం తీర్పు చెబుతుంది. చంద్రుడు దూరంగా ఉండి పాడ్యమి 26 గంటలు సాగితే, మర్నాడు ఖరగ్‌పూర్ సూర్యోదయానికీ పాడ్యమి ఉంటుంది. ఆ లెక్కన అక్కడ ఉగాది ఒక రోజు ఆలస్యం. చంద్రుడు దగ్గరగా ఉండి పాడ్యమి 20 గంటల్లోనే ముగిస్తే, ఖరగ్‌పూర్‌లో అది ఏ సూర్యోదయాన్నీ తాకదు. అది క్షయ తిథి. అప్పుడు పాడ్యమి ఉన్న మొదటి రోజే ఉగాది జరుపుకోవాలి. రెండు ఊళ్లలోనూ పండుగ ఒకే రోజు. ఒకే అమావాస్య, ఒకే సూర్యోదయాలు. చంద్రుడి దూరం మారినందుకే ఫలితం మారింది.

పొరుగువారికీ ఇదే సమస్య

బెంగాలీల నెలలు సౌరమానం ప్రకారం నడుస్తాయి. కానీ దుర్గాపూజ, కాళీపూజ తిథుల ప్రకారమే. దుర్గాపూజలోని సంధిపూజను అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాల్లో చేస్తారు. పాత సూర్యసిద్ధాంత పద్ధతి లెక్కకు, ఆధునిక దృక్ గణితానికి తిథి ముగింపులో గంటల తేడా రావచ్చు. ఆకాశంలో కనిపించే చంద్రుడికి సరిపోయేలా 1890లోనే బెంగాల్‌లో విశుద్ధ సిద్ధాంత పంజిక మొదలైంది. తెలుగునాట దృక్, పూర్వ పద్ధతుల వాదం కూడా ఇలాంటిదే.

మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. రాష్ట్రీయ పంచాంగాన్ని ఇప్పుడు కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ తయారుచేస్తోంది. అది 82.5 డిగ్రీల రేఖాంశం మీది కేంద్ర స్థానాన్ని ఆధారం చేసుకుంటుంది. ఖరగ్‌పూర్‌లో సూర్యుడు ఆ స్థానం కంటే కూడా దాదాపు 19 నిమిషాలు ముందే ఉదయిస్తాడు.

సముద్రం మీద ప్రభావం

దూరం ప్రభావం పండుగలతో ఆగదు. పోటును పుట్టించే చంద్రుడి బలం, దూరపు బిందువులో కంటే దగ్గరి బిందువులో దాదాపు 40 శాతం ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడి బలం కూడా దానికి తోడవుతుంది. 2021 మే 26న యాస్ తుపాను ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర తీరం దాటింది. ఆ ఉదయమే చంద్రుడు సుమారు 3,57,300 కి.మీ. దగ్గరికి వచ్చాడు, సాయంత్రం పౌర్ణమి. తుపానును చంద్రుడు తేలేదు. కానీ గాలి తోసిన ఉప్పెన పెద్ద పోటు మీద పడింది. ఖరగ్‌పూర్‌వాసులు తరచూ వెళ్లే దీఘాలో సముద్రం గట్టు దాటి వీధుల్లోకి వచ్చింది.

కాబట్టి పంచాంగం కొనేటప్పుడు చూడాల్సినవి రెండు: అది ఏ గణితంతో కట్టింది, ఏ ఊరి సూర్యోదయానికి కట్టింది. తిథి ముగిసే గడియ దేశమంతా ఒక్కటే. దాన్ని కొలిచే సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వారిదే.