వంటగట్టు పూర్వకథ

నేడు భాగ్యనగరమున క్రొత్త ఫ్లాటు కొనువారు వంటగట్టునకు ఏ రాయి పరపింపవలెనని తర్కించుచుందురు గాని, మన పూర్వుల వంటయిండ్లలో అసలు గట్టే లేదు. పేడతో అలికి ముగ్గు పెట్టిన మట్టిపొయ్యి ముందు, పీటపై కూర్చుండియే గృహిణి వండెడిది. కిరసనాయిలు స్టవ్వులును, పిమ్మట గ్యాసు పొయ్యిలును గృహప్రవేశము చేసి, నిలుచుండి వండు ఆచారము ప్రబలిన కొలది, నడుమెత్తు గట్టు ఆవశ్యకమయ్యెను. ఆ గట్టును మన సీమలో విస్తారముగ అధిష్ఠించినది కడపబండ. పొరలుపొరలుగ సహజముగనే విడివడు ఈ నల్లని సున్నపురాయి చౌకగ లభించుటయే దాని వ్యాప్తికి ముఖ్యహేతువు. అయితే సున్నపురాతికి ఆమ్లము ఆగర్భశత్రువు: చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికి కొంతసేపు నిలిచెనా, నునుపు చెడి తెల్లని మరక తేలును. ఈ లోపము లేనిదగుటచేత, యంత్రములతో కోసి మెరుగుపెట్టుట సులభమైన పిమ్మట, గ్రానైటు దాని స్థానము నాక్రమించెను. నల్లని మేన బంగరు చుక్కలు మెరయు చీమకుర్తి గెలాక్సీ రాయి దేశాంతరములకును ఎగుమతి యయ్యెను. పదవి కోల్పోయిన కడపబండ మాత్రము మన యిండ్లను విడువక, గట్టు క్రింది అరలుగను, గోడ బీరువాల పలకలుగను నేటికిని కొలువు చేయుచున్నది.