మా ఊరికి పేరిచ్చిన సైనికుడు

1956 జనవరి 23న కాలిఫోర్నియాలోని సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్లు కలిసి ఒక నగరమయ్యాయి. కొత్త నగరానికి ఆ ఐదింటిలో దేని పేరూ పెట్టలేదు. అప్పటికి అరవై అయిదేళ్ల కిందటే న్యూయార్క్‌లో కన్నుమూసిన జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ పేరు పెట్టుకున్నారు. ఆయన ఇక్కడ కాపురం ఉన్నవాడు కాదు. కానీ మన తెలుగువాళ్లు ఎందరో ఇక్కడే ఇళ్లు కొనుక్కున్నారు, పిల్లల్ని ఇక్కడి బళ్లలోనే చదివిస్తున్నారు. రోజూ చిరునామాలో రాసుకునే ఆ పేరు వెనక మనిషి ఎవరో మనకూ తెలియాలి.

ఆయన 1813లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచ్ మూలాలున్నవాడు, తల్లి వర్జీనియా మనిషి. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. ఆ రోజుల్లో అది మనిషిని బతికినంత కాలం వెంటాడే విషయం. కుర్రాడు లెక్కల్లో దిట్ట. 1838లో సైన్యంలో భూమి కొలిచి పటాలు గీసే విభాగంలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1841లో మిస్సోరి సెనేటర్ థామస్ బెంటన్ కూతురు జెస్సీని పెద్దలకు చెప్పకుండా పెళ్లాడాడు. ఆమెకప్పుడు పదిహేడేళ్లు. ముందు మండిపడ్డ మామగారే తర్వాత అల్లుడికి కొండంత అండగా నిలిచారు.

1842లో ఒకసారి, 1843-44లో మరోసారి కిట్ కార్సన్‌ను దారి చూపడానికి వెంటబెట్టుకుని పడమటికి బయలుదేరాడు. రెండో యాత్రలో ఆరెగాన్ దాకా వెళ్లి, 1844 ఫిబ్రవరిలో మంచు కప్పేసిన సియెరా నెవాడాను దాటాడు. తిండి లేక గుర్రాలను, కంచరగాడిదలను కోసుకు తింటూ ఆ దళం కాలిఫోర్నియాలోని సటర్స్ ఫోర్ట్ అనే కోట చేరింది. తిరిగొచ్చాక ఆయన చెబుతుంటే జెస్సీ రాసి తీర్చిదిద్దిన నివేదికలను ప్రభుత్వమే వేల ప్రతులు అచ్చు వేయించింది. నీళ్లెక్కడ, పశువులకు గడ్డెక్కడ, కొండ దాటే కనుమ ఎక్కడ అన్నీ అందులో ఉన్నాయి. పిల్లాపాపలతో బండి కట్టుకుని పడమటికి బయలుదేరినవాళ్లకు అంతకంటే కావలసింది లేదు. ఆయన కీర్తిలో సగం జెస్సీ కలానిదే అని నా నమ్మకం.

మన బే ఏరియా వరకు అసలు కథ 1846ది. కాలిఫోర్నియా అప్పటికింకా మెక్సికోది. మూడో యాత్ర పేరిట అరవై మంది సాయుధులతో వచ్చిన ఫ్రీమాంట్‌ను బయటికి పొమ్మని మెక్సికో అధికారులు ఆదేశిస్తే, ఆయన గావిలాన్ శిఖరం మీద అమెరికా జెండా ఎగరేశాడు. తర్వాత ఉత్తరానికి వెళ్తూ, ఏప్రిల్‌లో సాక్రమెంటో నది ఒడ్డున ఆయన దళం స్థానిక తెగల వాళ్లను, ఆడవాళ్లూ పిల్లలతో సహా, వందకు పైగా చంపింది. జూన్‌లో అమెరికా వలసదారులు సొనోమాలో తిరుగుబాటు చేసి ఎలుగుబంటి బొమ్మ ఉన్న బేర్ జెండా ఎత్తారు. ఫ్రీమాంట్ వచ్చి వాళ్లకు నాయకుడయ్యాడు.

ఆ జూన్ 28న శాన్ రఫాయెల్ దగ్గర ఒక పడవ ఒడ్డుకు చేరింది. అందులోంచి ముగ్గురు దిగారు. ఒకరు అరవై దాటిన హోసే బెరియెస్సా. సొనోమాలో ఖైదులో ఉన్న కొడుకును చూడటానికి బయలుదేరిన తండ్రి ఆయన. మిగతా ఇద్దరు ఇరవై ఏళ్లు నిండని కవలలు, ఫ్రాన్సిస్కో, రామోన్ డి హారో. వాళ్లను ఏం చేయమంటారని కార్సన్ అడిగితే, ఖైదీలను పెట్టుకోవడానికి తనకు చోటు లేదని ఫ్రీమాంట్ అన్నాడట. ముగ్గురినీ కాల్చేశారు. శాన్ ఫ్రాన్సిస్కో వీధులు కొలిచి గీసిన సర్వేయర్ జాస్పర్ ఓఫారెల్ ఇదంతా చూశానని 1856లో పత్రికకెక్కించాడు. అంతటితో అయిపోలేదు. చనిపోయిన పెద్దాయన ఒంటి మీది సెరాపేను, అంటే ఉన్ని దుప్పటిని, ఫ్రీమాంట్ మనిషి ఒకడు కప్పుకుని తిరుగుతుంటే కొడుకు చూశాడు. అమ్మకు తీసుకెళ్తాను, ఇప్పించండని ఫ్రీమాంట్‌నే అడిగాడు. ఆయన ఇప్పించలేదు. కన్నతండ్రి దుప్పటిని ఆ కొడుకు 25 డాలర్లిచ్చి కొనుక్కున్నాడు.

అంతకు కొన్నాళ్ల ముందు ఇద్దరు అమెరికన్లను అవతలి పక్షం వాళ్లు పట్టుకుని చంపిన మాట నిజమే. 1887లో అచ్చయిన స్వీయచరిత్రలో ఫ్రీమాంట్ ఈ హత్యలను ఆ కోపంతో తన డెలావేర్ తెగ స్కౌట్లు చేసిన పనిగా రాసి ఊరుకున్నాడు. నాయకుడిగా పేరు తనదైనప్పుడు పాపం కూడా తనదే కావాలి. ఇక్కడ ఆయన్ను నేను క్షమించలేను.

ఈరోజు బార్ట్ రైలెక్కి దక్షిణంగా వెళ్తే ఫ్రీమాంట్ తర్వాత వచ్చే మూడో స్టేషన్ బెరియెస్సా. 2020లో తెరిచిన ఆ స్టేషన్‌కు పేరిచ్చింది ఆ పెద్దాయన వంశమే.

తర్వాత ఫ్రీమాంట్ జీవితం ఎత్తుపల్లాలుగా సాగింది. కాలిఫోర్నియాకు తానే గవర్నరునని పట్టుబట్టి పైఅధికారి కర్నీ మాట వినలేదు. 1848లో సైనిక న్యాయస్థానం దోషి అని తేల్చింది. అధ్యక్షుడు పోక్ శిక్ష మాఫీ చేసినా ఉద్యోగం వదులుకున్నాడు. మూడు వేల డాలర్లకు కొన్న మారిపోసా భూమిలో బంగారం పడింది. 1849 డిసెంబరులో, అప్పటి రాజధాని శాన్ హోసేలో కూర్చున్న తొలి శాసనసభ ఆయన్ను కాలిఫోర్నియా మొదటి ఇద్దరు సెనేటర్లలో ఒకరిగా ఎన్నుకుంది. ఇద్దరిలో ఎవరి గడువు ఎంతో చీటీలు వేస్తే చిన్న గడువు ఆయనకు పడింది. 1851 మార్చికల్లా పదవి ముగిసింది.

1856లో కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ తరఫున, బానిసత్వం కొత్త భూములకు పాకకూడదంటూ అధ్యక్ష పదవికి పోటీ చేసిన తొలి అభ్యర్థి ఆయనే. పదకొండు రాష్ట్రాలు గెలిచి బుకానన్ చేతిలో ఓడాడు. కాలిఫోర్నియాలో మాత్రం మూడో స్థానమే దక్కింది. అంతర్యుద్ధంలో మళ్లీ సైన్యంలోకి వచ్చి 1861 ఆగస్టు 30న, మిస్సోరిలో తిరుగుబాటుదారుల బానిసలకు స్వేచ్ఛ ప్రకటించాడు. లింకన్ ఆ ఉత్తర్వును మార్పించి, నవంబరులో ఆయన్ను పదవి నుంచి తప్పించాడు. విముక్తి ప్రకటనకు లింకన్ స్వయంగా సిద్ధపడటానికి ఇంకా ఏడాది పట్టింది. అంత ముందుగా ఆ మాట అన్న ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను.

చివరికి మారిపోసా చేజారింది, రైలు వ్యాపారాలు ముంచేశాయి. 1878 నుంచి మూడేళ్లు అరిజోనా గవర్నరుగా చేశాడు. ఇల్లు గడిపింది జెస్సీ రచనలే. 1890లో కాంగ్రెస్ పింఛను ఇచ్చింది. ఆ జూలై 13నే ఆయన పోయాడు.

మా నగరానికి ఆయన పేరు తీసేయాలని నేను అనను. కానీ ఇక్కడి బళ్లలో నాలుగో తరగతి పిల్లలు కాలిఫోర్నియా చరిత్ర చదువుతారు. వాళ్లకు ఫ్రీమాంట్ గురించి చెప్పే ప్రతిచోటా జెస్సీ పేరు, హోసే బెరియెస్సా పేరు, ఆ కవలల పేర్లు కూడా చెప్పాలి. సిటీ కౌన్సిల్ సమావేశాల్లో ఊరివాళ్లు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఈ మాట అక్కడ అడగడానికి మన తెలుగువాళ్లూ ముందుకు రావాలని నా మనవి.