విజ్ఞాన ప్రదర్శనలు (తెలుగునాట)

విద్యార్థుల కళ్లెదుట ప్రయోగం చేసి, దాని వెనకున్న సూత్రాన్ని అక్కడికక్కడే వివరించే కార్యక్రమాలు విజ్ఞాన ప్రదర్శనలు. తెలుగునాట ఇవి హేతువాదుల సభల్లోనూ జన విజ్ఞాన ఉద్యమంలోనూ పెరిగి హైస్కూళ్లకు చేరాయి.

నేపథ్యం

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే చొరవతో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలు ఈ ప్రక్రియకు పేరెన్నికగన్న తొలి నమూనా. తెలుగు నేలపై దీనికి మూఢనమ్మకాల మీద పోరాటమే ఊపిరి. గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. నిప్పుల మీద నడవడం మహిమ కాదని ఆ కేంద్రం నడిచి చూపించింది. బూడిద పట్టిన బొగ్గు వేడిని మెల్లగా అందిస్తుంది. చకచకా నడిస్తే చర్మం కాలేలోపే పాదం పైకి లేస్తుంది.

వ్యాప్తి

1987లో భారత జన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. మరుసటి ఏడాది జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. మేజిక్ ప్రదర్శనలు, పిల్లల మాసపత్రిక ‘చెకుముకి’, అదే పేరుతో సాగే ప్రతిభా పరీక్షలు దాన్ని బడులకు దగ్గర చేశాయి. 1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశాన్ని ఊపేసినప్పుడు, శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపారు. తలతన్యత వల్ల చెంచా అంచు దాటిన పాలు విగ్రహం మీదుగా పల్చటి పొరగా కిందికి జారడం అందరికీ కనిపించింది. 1999లో ఏర్పడిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ప్రాంగణం నెలకొల్పి, సంచార ప్రయోగశాలల ద్వారా పల్లె బడులకు పరికరాలను తీసుకెళ్తోంది.

ప్రదర్శన తీరు

దిష్టి తీసే ఎర్రనీళ్లు మంచి ఉదాహరణ. పసుపు నీళ్లలో సున్నం వేస్తే క్షార గుణానికి ఎర్రబడతాయి. తగినంత నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తాయి. మిథైల్ ఆరెంజ్ పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ‘రక్తం’ కారుతుంది. ఆమ్లంలో ఆ సూచిక ఎర్రబడటమే అందులోని కిటుకు.

ప్రాధాన్యం

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం రాజ్యాంగం 51ఎ అధికరణం ప్రకారం పౌరుల ప్రాథమిక విధి. 1976లో 42వ సవరణ దాన్ని చేర్చింది. గుట్టు విప్పని ప్రదర్శన గారడీగానే మిగిలిపోతుంది. విప్పి చెప్పాక విద్యార్థి తన చేత్తో మళ్లీ చేసి చూసుకోవాలి. పసుపు, సున్నం, నిమ్మకాయ దొరకని ఊరు లేదు కనుక కోనసీమలోని వాడపల్లి వంటి పల్లెలోనూ ఏ ఉపాధ్యాయుడైనా ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.